ఐ-140 ఆమోదం పొంది 109 రోజులు: ఇప్పుడే కంపెనీ మారవచ్చా, 180 రోజులు నిండే వరకు ఆగాలా?

ప్రశ్న అడిగినవారు: ఎదురుచూపు_2024
జనవరి 5, 2026

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడే మాస్టర్స్ పూర్తి చేసి 2020 అక్టోబరు 1న హెచ్-1బిలోకి మారాను కాబట్టి, నా ఆరేళ్ల గడువు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ప్రస్తుత కంపెనీ నా గ్రీన్ కార్డు కోసం 2024 మార్చిలో పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణకు పెట్టే దరఖాస్తు) వేసింది. అది పదహారు నెలల తర్వాత, 2025 జులైలో ఆమోదం పొందింది. ఆపై కంపెనీ నా గ్రీన్ కార్డు కోసం ప్రీమియంలో, అంటే అదనపు రుసుముతో త్వరగా తేలేలా, వేసిన ఐ-140 పిటిషన్‌కు సెప్టెంబరు 18న ఆమోదం వచ్చింది. నాది ఈబీ-2, అంటే ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో రెండో వర్గం. ఆ కబురు తెలిసిన సాయంత్రం, ఇన్నేళ్లకు కాస్త నిలదొక్కుకున్నామని నేనూ నా భార్యా ఎంతో తేలికపడ్డాం.

ఆ తేలిక మూడు నెలలు కూడా నిలవలేదు. డిసెంబరులో మా పక్క విభాగంలో చాలామందిని తీసేశారు. మా సంగతేమిటని మేనేజరును అడిగితే, ఆయన మంచి మనిషే అయినా, సూటిగా చెప్పలేక నీళ్లు నమిలారు. ఇంతలో మరో కంపెనీ నుంచి మంచి ఆఫర్ వచ్చింది. జనవరి 16లోగా జవాబు చెప్పమంటున్నారు, ఫిబ్రవరి 2న చేరమంటున్నారు. గ్రీన్ కార్డు ప్రక్రియ కూడా మొదలుపెడతామని నోటిమాటగా చెప్పారు.

ఇప్పుడు వెళ్లిపోతే పాత కంపెనీ నా ఐ-140ని వెనక్కి తీసుకుంటుందేమోననీ, తీసుకుంటే ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరుసలో నా స్థానం, పోతుందేమోననీ భయంగా ఉంది. ఆగితే, ఆ 180 రోజులు నిండేలోపే నన్నూ తీసేస్తారేమోనని ఇంకో భయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టుంది. పైగా ఐ-140 ఆమోద పత్రం నా దగ్గర లేదు. కంపెనీ అటార్నీని అడిగితే అది కంపెనీ పత్రమని జవాబిచ్చారు. మా అమ్మాయికి పదకొండేళ్లు, తను భారతదేశంలోనే పుట్టింది. తన సంగతి తలచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ దారిలో నడిచినవారు దయచేసి సలహా చెప్పండి.


సమాధానం: దస్త్రాలపెట్టె
జనవరి 5, 2026

ఎదురుచూపు గారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మీ భయంలో సగం ఆ కలగాపులగం వల్ల పుట్టిందే. ఒకటి ప్రయారిటీ డేట్, రెండోది ఆరేళ్లు దాటాక హెచ్-1బి పొడిగింపు. ఈ రెండింటికీ ఆధారం ఆ ఒక్క ఐ-140యే అయినా, ఒకటి పోగొట్టుకోవడం చాలా కష్టం, రెండోది పోగొట్టుకోవడం చాలా తేలిక.

ముందు ప్రయారిటీ డేట్ సంగతి. మీ పెర్మ్ కార్మిక శాఖకు చేరిన రోజే, అంటే 2024 మార్చిలోని ఆ తేదీయే, వరుసలో మీ స్థానం. ఐ-140 ఒకసారి ఆమోదం పొందాక ఆ తేదీ మీది. కంపెనీ రేపు పిటిషన్ వెనక్కి తీసుకున్నా, ఆ తర్వాత కంపెనీయే మూతపడినా, మరో కంపెనీ మీకోసం వేసే ఐ-140కి మీరు ఆ తేదీని తీసుకెళ్లవచ్చు. మోసమో అబద్ధపు సమాచారమో బయటపడినప్పుడు, కార్మిక శాఖ పెర్మ్‌నే రద్దు చేసినప్పుడు, లేదా ఆమోదమే పెద్ద పొరపాటు వల్ల ఇచ్చినదని యూఎస్‌సీఐఎస్ (ఈ పిటిషన్లను పరిశీలించే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) తేల్చినప్పుడు మాత్రమే అది పోతుంది. మీరు రాజీనామా చేయడం ఆ కారణాల్లో లేదు.

ఇక పొడిగింపు. హెచ్-1బికి మామూలుగా ఆరేళ్లే హద్దు. దేశాలవారీ పరిమితి వల్ల గ్రీన్ కార్డు వరుస ఎంతకీ కదలనివారు, ఐ-140 ఆమోదం ఉంటే, మూడేళ్ల చొప్పున పొడిగించుకునే వీలును 2000లో వచ్చిన చట్టం ఇచ్చింది. అందరూ ఏసీ-21 అనేది దాన్నే. అయితే 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఆమోదం పొందిన 180 రోజులకో ఆ తర్వాతో కంపెనీ ఐ-140ని వెనక్కి తీసుకుంటే ఈ వీలు చెక్కుచెదరదు. అంతకుముందే తీసుకుంటే, ఆ ఐ-140 చూపించి పొడిగింపు అడగడం కుదరదు. మీ 180 రోజులు 2026 మార్చి 17న నిండుతాయి.

మూడో ఏడులో ఉన్నవారికి ఈ తేడా అంత బాధించదు, కొత్త కంపెనీ తీరిగ్గా మళ్లీ పెర్మ్ వేసుకుంటుంది. మీకు అలా కాదు. పాత ఐ-140 ఆధారం లేకపోతే, ఆరేళ్లు దాటాక ఒక్కో ఏడాది పొడిగింపు అడగడానికైనా కొత్త పెర్మ్ వేసి 365 రోజులు గడిచి ఉండాలి. ఈ సెప్టెంబరులోపు అది సాధ్యపడే పని కాదు. కాబట్టి మీ విషయంలో మార్చి 17 నిజంగా బరువైన తేదీ.

నా సలహా ఏమిటంటే, ఆఫర్‌కు జనవరి 16లోగా ఒప్పుకోండి, చేరే తేదీని మాత్రం మార్చి 17 తర్వాతికి మార్చమని అడగండి. కారణం దాచనక్కర లేదు. హెచ్-1బి ఉద్యోగులను తరచూ తీసుకునే కంపెనీకి ఇది కొత్త మాట కాదు.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. పెర్మ్ ఒక కంపెనీకి, ఒక ఉద్యోగానికి, ఒక ప్రాంతానికి కట్టుబడినది. కొత్త కంపెనీ జీతం ఎంత ఉండాలో కార్మిక శాఖ చేత తేల్చుకోవడం, రెండు ఆదివారాలు పత్రికా ప్రకటనలు ఇవ్వడం, రాష్ట్ర ఉపాధి సంస్థలో ముప్పై రోజులు ఆ ఉద్యోగాన్ని ఉంచడం, ఇవన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలి. మీతో వచ్చేది తేదీ ఒక్కటే.


సమాధానం: మళ్లీ_మొదటినుంచి
జనవరి 6, 2026

ఎదురుచూపు గారికి నా అనుభవం చెబుతాను. నాకు జరిగింది మీకు జరగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటూ రాస్తున్నాను.

2023 జనవరిలో ఒక ఉదయం ఎనిమిది దాటి పది నిమిషాలకు లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ తీసుకోలేదు. నెట్‌వర్క్ సమస్య అనుకుని మూడుసార్లు ఆపి మళ్లీ పెట్టాను. నాలుగోసారి పెడుతుంటే ఫోన్‌లో నా సొంత ఈమెయిలుకు ఉత్తరం వచ్చింది. ఆ రోజే చివరి పనిదినం, ఎనిమిది వారాల జీతం పరిహారంగా ఇస్తాం అని అందులో ఉంది. ఆ ఎనిమిది వారాలూ నేను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క అనుకుని పదకొండు రోజులు పోగొట్టుకున్నాను. పరిహారం ఉద్యోగం కాదు. ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్ ఆ ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే నడుస్తుంది, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు అంతకంటే ముందు ఉంటే ఆ రోజుతోనే ఆగిపోతుంది. ఈ సంగతి ఒక అటార్నీకి డబ్బు కట్టి అడిగినప్పుడు గాని నాకు తెలియలేదు.

అరవై రోజులనేవి చేతికి అరవై రోజులుగా రావు. కొత్త కంపెనీ హెచ్-1బి పిటిషన్ వేయడానికి ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ అనే జీతం, పని షరతుల ధ్రువీకరణ తెచ్చుకోవాలి, దానికి ఏడు పనిదినాలు పడుతుంది. కాగితాలు కూడగట్టడానికి ఇంకో నాలుగైదు రోజులు. అంటే నలభయ్యో రోజు దాటాక వచ్చే ఆఫర్ మీద ఆశ పెట్టుకోవడం గాలిలో దీపం పెట్టడమే. గోడ క్యాలెండర్ మీద రోజుకొక గడి పెన్సిలుతో కొట్టేసేవాణ్ణి. నాకు ముప్పై ఎనిమిదో రోజున ఆఫర్ వచ్చింది, యాభై ఏడో రోజున పిటిషన్ చేరినట్టు రసీదు వచ్చింది. ఆమోదం ఆ గడువులోనే రావాలని లేదు, పిటిషన్ చేరితే చాలు. కానీ ఆ యాభై ఏడో రోజు మధ్యాహ్నం వరకు నేనూ నా భార్యా ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఉద్యోగం దొరికింది కాని గ్రీన్ కార్డు వరుసలో నా స్థానం దొరకలేదు. చేరిన మొదటి ఏడాది నుంచి అడుగుతుంటే పాత కంపెనీ వారు "వచ్చే ఏడాది చూద్దాం" అంటూ రెండేళ్లు గడిపారు. చివరికి పెర్మ్ వేశారు. అది కార్మిక శాఖలో ఉండగానే నన్ను తీసేశారు. ఐ-140 దాకా చేరని పెర్మ్‌కు విలువ లేదు, అది కంపెనీతోనే పోతుంది. మీరు ఆ మెట్టు దాటారు. అది చిన్న విషయం కాదని నా మాటగా నమ్మండి.

అందుకే కొత్త కంపెనీ నోటిమాటను నోటిమాటగా వదిలేయకండి. పెర్మ్ పనిని ఎన్ని నెలల్లో మొదలుపెడతారో ఆఫర్ లెటర్‌లో గానీ, కనీసం హెచ్ఆర్ పంపే ఈమెయిలులో గానీ రాయించుకోండి. గత ఆరు నెలల్లో మీ తరహా ఉద్యోగాల్లో, మీ ప్రాంతంలో ఎవరినైనా తీసేశారా అని కూడా అడగండి. తీసేసి ఉంటే, పెర్మ్ వేసే ముందు ఆ తీసేసినవారికి ఆ ఉద్యోగం సంగతి తెలియజేసి, వారి అర్హతలను పరిశీలించాలని నిబంధన ఉంది. ఆ చిక్కులోకి దిగలేక చాలా కంపెనీలు కొన్నాళ్లు పెర్మ్‌లు ఆపేస్తాయి. "తప్పకుండా వేస్తాం" అన్న హెచ్ఆర్‌కే కొన్నిసార్లు ఈ సంగతి తెలియదు.

ఇది చదివే మరెవరికైనా పనికొస్తుందని ఇంకో మాట. హెచ్-1బికి కొత్తగా వచ్చిన రోజుల్లో నేను పనిచేసిన ఒక చిన్న కన్సల్టెన్సీ, పెర్మ్ ఖర్చు నేనే పెట్టుకోవాలని, లేకపోతే మొదలుపెట్టనని చెప్పింది. పెర్మ్‌కు అయ్యే అటార్నీ రుసుము, ప్రకటనల ఖర్చు కంపెనీయే భరించాలని, ఉద్యోగి జీతంలో కోసుకోవడం కూడా కుదరదని 2007 నుంచి నిబంధన ఉంది. నాకు తెలియక సగం కట్టాను. క్లయింట్ దొరకని రోజుల్లో బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం కూడా నిబంధనలకు విరుద్ధమే. కార్మిక శాఖ వేతన విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు, అయితే జరిగిన పన్నెండు నెలల్లోగా చేయాలి. నేను తెలుసుకునేసరికి ఆ గడువు దాటిపోయింది.


సమాధానం: నిదానమే
జనవరి 6, 2026

దస్త్రాలపెట్టె గారు చెప్పిన నిబంధనలన్నీ సరైనవే, కాని సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మార్చి 17 తర్వాత చేరతానని చెప్పి ఊరికే కూర్చుంటే, ఎదురుచూపు గారు డెబ్బై రోజులకు పైగా రెండు కంపెనీల దయ మీద బతకాలి. పాత కంపెనీ తీసేయవచ్చు, కొత్త కంపెనీ మనసు మార్చుకోవచ్చు.

పిటిషన్ వేయడం వేరు, చేరడం వేరు. ఆఫర్‌కు ఒప్పుకున్న వెంటనే కొత్త కంపెనీ చేత హెచ్-1బి పిటిషన్ వేయించండి, అందులో ఉద్యోగం మొదలయ్యే తేదీని మార్చి 23గా చూపించమనండి. కోరుకునే తేదీకి ఆరు నెలల ముందు నుంచి పిటిషన్ వేసుకోవచ్చు. ఈ రోజుకు మీ ఐ-140 ఆమోదంతో నిలిచి ఉంది, మీ వరుసలో వీసా అందుబాటులో లేదు. కాబట్టి ఆరేళ్లలో మిగిలిన నెలలకు ఐ-140 ఆధారంగా వచ్చే పొడిగింపును కలిపి, మొత్తం మూడేళ్లకు మించకుండా, ఒకే పిటిషన్‌లో అడగవచ్చు. ప్రీమియం రుసుము కడితే పదిహేను పనిదినాల్లో యూఎస్‌సీఐఎస్ ఏదో ఒక నిర్ణయమో ప్రశ్నో పంపుతుంది. ఫిబ్రవరి పూర్తయ్యేలోపు మూడేళ్ల ఆమోద పత్రం మీ చేతిలో ఉండే అవకాశం బాగా ఉంది.

మధ్యలో పాత కంపెనీ మిమ్మల్ని తీసేసిందనుకోండి. జనవరి 22 తర్వాత ఎప్పుడు తీసేసినా, అరవై రోజుల గ్రేస్ మార్చి 23 దాకా మిమ్మల్ని కాపాడుతుంది. ఆ రోజుల్లో జీతం రాదు, పని చేయకూడదు, అంతే. ఈ దేశంలో ఉండే హక్కు మాత్రం పోదు. మార్చి 17 నిండేదాకా ఎవరికీ రాజీనామా పత్రం ఇవ్వకండి. ఇచ్చిన మర్నాడే ఐ-140 వెనక్కి తీసుకునే కంపెనీలూ ఉన్నాయి, ఏళ్ల తరబడి పట్టించుకోనివీ ఉన్నాయి. మీది ఏ కోవకు చెందుతుందో పరీక్షించి చూసే సమయం ఇది కాదు. నోటీసు కాలం కూడా 17 తర్వాతే మొదలయ్యేలా చూసుకోండి, చేరే తేదీ ఒక వారం వెనక్కి జరిగినా నష్టం లేదు.

ఇంకొక్క జాగ్రత్త. ఈ పని నడుస్తున్నంత కాలం దేశం దాటకండి. 2025 సెప్టెంబరు 19న వచ్చిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, ఆ నెల 21 నుంచి, వీసా లేకుండా దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టారు. దేశంలోనే స్టేటస్‌తో ఉండి పొడిగించుకునేవారికి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో స్పష్టం చేసింది. కాని అరవై రోజులు దాటిపోయి, పొడిగింపుకు అర్హత లేదని తేలితే, ఆ భారం మీద పడే ప్రమాదం ఉంది. గ్రేస్ పీరియడ్ చివరి రోజుకు ఇప్పుడున్నంత బరువు మునుపు లేదు. ఈ ప్రకటనకు పన్నెండు నెలల గడువు పెట్టారు కాబట్టి, పిటిషన్ వేసే రోజు పరిస్థితిని అటార్నీ చేత మళ్లీ సరిచూయించుకోండి.


సమాధానం: ఇద్దరమ్మాయిల_తల్లి
జనవరి 8, 2026

ఎదురుచూపు గారూ, ఉద్యోగం మాట మిగతావారు చెప్పారు. మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన అమ్మాయి సంగతి గురించి నేను రాస్తాను. మా పెద్దమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిది. ఈ లెక్కలన్నీ మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్నాయి.

ముందు కాస్త కఠినంగా అనిపించే నిజం చెబుతాను, క్షమించండి. ఉద్యోగాల ద్వారా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. భార్య, భర్త, పిల్లలు కూడా అందులోనే లెక్కకు వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మామూలుగా అందులో ఏడు శాతానికి మించి దక్కదు. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా తెలిపే వీసా బులెటిన్‌లో, 2025 అక్టోబరుకు, భారతదేశానికి ఈబీ-2 తుది తేదీ 2013 ఏప్రిల్ 1, అంటే అంతకుముందు ప్రయారిటీ డేట్ ఉన్నవారికే వంతు వచ్చింది. మీ తేదీ 2024 మార్చి. ఇరవై ఒకటి నిండిన పిల్లలకు తల్లిదండ్రులతో పాటు గ్రీన్ కార్డు రాదు, మీ అమ్మాయికి ఆ వయసు నిండేలోపు మీ వంతు వస్తుందని నమ్మి ఏర్పాట్లు చేసుకోకండి. వస్తే సంతోషమే.

పిల్లల వయసును కాపాడేందుకు 2002లో వచ్చిన సీఎస్‌పీఏ చట్టం ఒకటుంది. వీసా అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లల వయసెంతో చూసి, అందులోంచి ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను తీసేస్తారు. మీరు ప్రీమియంలో వేసి కొద్ది వారాల్లో ఆమోదం తెచ్చుకున్నారు కాబట్టి, మీకు తీసివేతకు దక్కేది ఆ కొద్ది వారాలే. మాకూ ఇలాగే జరిగింది. తొందరపడి తెచ్చుకున్న ఆమోదం ఇక్కడ పిల్లకు పనికిరాలేదని తెలిసినప్పుడు ఎంతో బాధపడ్డాను. అయితే మీ ఉద్యోగ పరిస్థితిలో మీరు చేసిందే సరైన పని, దాని గురించి బాధపడకండి. ఆమోదం లేకపోతే ఈ రోజు ఈ చర్చకే తావు లేదు.

మీ ఇంట్లో ఒకటి కనుక్కోండి. మీ భార్య ఎక్కడ పుట్టారు? ఈ వరుస పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి నడుస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు మరో దేశంలో పుట్టి ఉంటే, కుటుంబమంతా ఆ దేశపు వరుసలో నిలబడవచ్చు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి, నెలల పిల్లగా ఇంటికి వచ్చేసిన అమ్మాయిలు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. నాకు తెలిసిన ఒక జంట ఆరేళ్లు భారతదేశపు వరుసలో ఎదురుచూశాక, ఒకనాడు పాస్‌పోర్టులో జన్మస్థలం గడి చూసి ఈ సంగతి గ్రహించారు. అందరికీ కలిసొచ్చేది కాదు గాని, అడిగితే పోయేదేమీ లేదు.

ఆ వీలు లేకపోతే, మీ అమ్మాయి చదువుకు డబ్బు కూడబెట్టేటప్పుడు, తను ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారి చదవాల్సి రావచ్చనే ఉద్దేశంతో కూడబెట్టండి. తనతో కూడా దాచకుండా, వయసుకు తగినట్టు, ఇప్పటి నుంచే కొంచెం కొంచెం చెప్పండి. మేము పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా చెప్పాం. ఆ రాత్రి అది అడిగిన ప్రశ్న, "అంటే నేను ఇక్కడిదాన్ని కాదా?" అని. దానికి మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేకపోయింది.

ఇక ఐ-140 పత్రం. మీ భార్య హెచ్-4 (హెచ్-1బి వారి భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నారా? ఐ-140 ఆమోదం పొందినవారి భార్యకో భర్తకో ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఇచ్చే నిబంధన 2015 మే నుంచి ఉంది. ఆ దరఖాస్తుకు ఐ-140 ఆమోదానికి ఆధారం జతచేయాలి. "నా భార్య హెచ్-4 ఈఏడీకి కావాలి, ప్రతి ఇప్పించండి" అని హెచ్ఆర్‌ను అడగండి. అది నిజమైన అవసరమే కాబట్టి మీరు మొహమాటపడనక్కర లేదు, వారూ అనుమానించరు. మావారికి పత్రం అలాగే చేతికొచ్చింది. అలా కూడా ఇవ్వకపోతే, సమాచార స్వేచ్ఛ చట్టం కింద యూఎస్‌సీఐఎస్‌నే ఆన్‌లైన్‌లో అడగవచ్చు, కాకపోతే సమయం పడుతుంది.


సమాధానం: ఎదురుచూపు_2024
జనవరి 15, 2026

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ పది రోజుల్లో జరిగింది చెబుతాను.

మా ఆవిడ హెచ్-4 మీదే ఉంది, తను ఏడేళ్ల క్రితం వదిలేసిన ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచిస్తోంది. ఆ మాటే చెప్పి హెచ్ఆర్‌ను అడిగితే రెండు రోజుల్లో ఐ-140 ఆమోద పత్రం ప్రతి పంపారు. నెలల తరబడి అడగడానికి జంకిన కాగితం అది. ప్రయారిటీ డేట్ అని ఉన్న చిన్న గడిలో 2024 మార్చి తేదీని కళ్లారా చూసుకుని, వెంటనే రెండుచోట్ల దాచిపెట్టాను. ఇన్నాళ్లూ నా పాత ఐ-797లు (యూఎస్‌సీఐఎస్ పంపే ఆమోద నోటీసులు), పే స్లిప్పులు, అనుభవ పత్రాలు సగం ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉండేవి. మళ్లీ_మొదటినుంచి గారి ఉదయం గురించి చదివాక ఆ రాత్రే అన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ జన్మస్థలం మాత్రం మాకు కలిసిరాలేదు, తనూ భారతదేశంలోనే పుట్టింది.

నిదానమే గారు చెప్పినట్టే కొత్త కంపెనీతో మాట్లాడాను. మార్చి 23న చేరడానికి మొదట వెనకాడారు, వారి అటార్నీతో మాట్లాడాక ఒప్పుకున్నారు. పిటిషన్ ఇప్పుడే వేస్తామన్నారు. చేరిన ఆరు నెలల్లో పెర్మ్ పని మొదలుపెడతామని హెచ్ఆర్ ఈమెయిలు పంపారు, నా విభాగంలో ఈ ఆరు నెలల్లో ఎవరినీ తీసేయలేదని కూడా అందులో రాశారు. ఈ రోజు ఆఫర్ మీద సంతకం పెట్టాను.

వారి అటార్నీ ఒక ప్రశ్న అడిగారు. ఈ ఆరేళ్లలో దేశం బయట గడిపిన రోజులు ఎన్ని అని. ఆ రోజులను ఆరేళ్ల గడువుకు తిరిగి కలుపుకోవచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు. నేను 2022 డిసెంబరు 10న బయలుదేరి 2023 జనవరి 7న తిరిగి వచ్చాను. మళ్లీ 2024 జులై 5న వెళ్లి జులై 26న వచ్చాను. మొత్తం 51 రోజులని లెక్క వేశాను. ఇది సరైనదేనా?


సమాధానం: దస్త్రాలపెట్టె
జనవరి 15, 2026

చాలా సంతోషం. నిదానమే గారి పద్ధతి నేను చెప్పినదానికంటే మెరుగైనది, దాన్నే పట్టుకున్నారు కాబట్టి నాకూ మనసు కుదుటపడింది.

మీ లెక్కలో చిన్న సవరణ ఉంది. పూర్తిగా ఇరవై నాలుగు గంటలూ దేశం బయట గడిపిన రోజులనే కలుపుతారు. బయలుదేరిన రోజు, దిగిన రోజు రెండూ కొంతసేపైనా ఇక్కడ గడిపినవే కాబట్టి లెక్కలోకి రావు. మొదటి ప్రయాణానికి డిసెంబరు 11 నుంచి జనవరి 6 వరకు 27 రోజులు, రెండోదానికి జులై 6 నుంచి 25 వరకు 20 రోజులు, మొత్తం 47. అంటే పొడిగింపుతో పని లేకుండానే మీ ఆరేళ్లు సెప్టెంబరు 30 నుంచి నవంబరు 16 దాకా జరుగుతాయి. మూడేళ్ల ఆమోదం వస్తే దీని అవసరం రాదు గాని, ఏదైనా కారణంతో ఐ-140 ఆధారం చెల్లదంటే ఈ నలభై ఏడు రోజులే మీకు ఊపిరి, కాబట్టి పిటిషన్‌లో తప్పకుండా అడిగించండి.

దీన్ని నిరూపించే బాధ్యత మీదే. ఐ-94 వెబ్‌సైటులో మీ ప్రయాణ చరిత్ర దొరుకుతుంది, కాని అందులో బయలుదేరిన తేదీలు కొన్నిసార్లు నమోదై ఉండవు. పాస్‌పోర్టులో భారతదేశపు ఇమిగ్రేషన్ వారు వేసిన ముద్రలున్న పేజీల ప్రతులు, టిక్కెట్లు, దొరికితే బోర్డింగ్ పాసులు కూడా జతచేయండి. 2022 నాటి టిక్కెట్ల కోసం పాత ఈమెయిలులో ఎయిర్‌లైన్ పేరుతో వెతికితే దొరకవచ్చు.